వెనుక పాదము

మన పల్లెలలో గాలము వేయుట చూడని పిల్లలుండరు. ఒక వెదురు కర్ర, దానికి దారము, దారపు కొనను కొక్కెము, నడుమ నొక బెండు, కొక్కెమునకు గ్రుచ్చిన ఎర. ఎర బరువును, సీసపు గుండు బరువును కలసి దారమును లాగుకొని పోయి నీట పడవేయును. విసరువాడు చేయవలసిన పని స్వల్పము. తరువాత ఓపికతో కూర్చుండుటయే అధికము. చల్లని కొండవాగులలో నివసించు ట్రౌట్ అను చేప సంగతి వేరు. నీటిపై వ్రాలెడి పురుగులు దానికి ప్రియమైన ఆహారము. దానిని పట్టగోరువారు ఈకలను, వెండ్రుకలను, నూలుపోగులను చిన్న కొక్కెమునకు చుట్టి ఈగను పోలిన బొమ్మను చేయుదురు. ఆ బొమ్మకు బరువు లేదు. ఎంత బలముగా విసరినను దూదిపింజవలె చేరువనే పడును. అందుచేత ఈ పద్ధతియందు విసరబడునది ఈగ కాదు, దారము. దారమును మందముగా, బరువుగా చేయుదురు. అది గాలిలో మడతవలె సాగిపోవుచుండ ఈగ దాని వెంట పోవును. దీనిని ఇంగ్లీషున ఫ్లై కాస్టింగ్ అందురు.

బరువైన దారమనగానే మోకును ఊహింపవలదు. నేను పట్టినది అయిదవ సంఖ్య దారము. దాని మొదటి 30 అడుగుల తూనిక 140 గ్రెయినులు, అనగా సుమారు 9 గ్రాములు. ఒక తులమునకు లోపే. ఈ సంఖ్యలును తూనికలును 1961లో అమెరికాలోని తయారీదారులు ఏర్పరచుకొన్న కొలతలు. తులమెత్తు బరువును తొమ్మిదడుగుల బెత్తముతో అరువది డెబ్బది అడుగుల దూరము పంపుట ఈ విద్యలోని కష్టము.

దీనిని నేను అభ్యసించినది నా అరువది నాల్గవ యేట. ఉద్యోగ విరమణానంతరము కాలిఫోర్నియా రాష్ట్రములోని ఫ్రీమాంట్ పట్టణమున మా అమ్మాయి యింట ఆరు మాసములు గడిపితిని. ఆ పట్టణమున తెలుగు కుటుంబములు పెక్కు కలవు గనుక మాటకు కొదువ లేదు గాని, పనికి కొదువ. శనివారములందు మా మనుమని వెంట శాన్ ఫ్రాన్సిస్కో నగరములోని గోల్డెన్ గేట్ పార్కునకు పోవుచుంటిని. అచట యూకలిప్టస్ చెట్ల నడుమ మూడు కాంక్రీటు కొలనులు కలవు. వానియందు పట్టుటకు చేపలు లేవు. ఆర్థిక మాంద్యము నాటి నిరుద్యోగులకు పని కల్పించుటకై ప్రభుత్వము చేపట్టిన పథకము క్రింద, 1938లో, కేవలము విసరుట సాధన చేయుటకే వానిని నిర్మించిరి. నీటిపై గురికై వలయములు తేలుచుండును. ఈగకు బదులుగా నూలుకుచ్చు కట్టుకొని జనులు గంటల తరబడి విసరుచుందురు. చేపలేని నీటిలో గాలము వేయువారిని చూచి మా అమ్మాయి నవ్వెను. నాకు మాత్రము పలకపై అక్షరములు దిద్దు బాలురు జ్ఞప్తికి వచ్చిరి.

మా మనుమడు అప్పుడు ఎనిమిదవ తరగతి. సన్నని వాడు, తరగతిలో నందరికంటె పొట్టి. బంతియాటలలో జట్లు విడదీయునపుడు చిట్టచివర మిగిలెడివాడు. తరచుగా బల్లమీదనే కూర్చుండి ఆట ముగియువరకు చూచెడివాడు. ఈ సంగతి అతడు ఇంట చెప్పలేదు. మా అమ్మాయి ఉపాధ్యాయుల వలన తెలిసికొన్నది. ఈ విద్యయందు జట్టు లేదు, ఎన్నుకొనువారు లేరు. అందుకే కాబోలు, దీనిని గట్టిగా పట్టుకొనెను. కొలను నడుమ 70 అడుగుల దూరమున నున్న ఒక వలయమును అందుకొనవలెనని వాని పట్టుదల.

మాకు నేర్పినవారు నాకంటె పదేండ్లు పెద్దవారు. వేతనము తీసికొనక, క్రొత్తవారికి నేర్పుటకే వచ్చెడివారు. మొదటి పాఠము వినుటకు సులభము. నీటిపై నున్న దారమును బెత్తముతో లేపి, వేగము పెంచుచు వెనుకకు విసరి, ఠక్కున ఆపవలెను. బెత్తము ఆగగనే దారము దాని కొనను దాటి, మడతగా ఏర్పడి, వెనుకకు విప్పుకొనును. పూర్తిగా విప్పుకొనువరకు ఆగి, అపుడు ముందుకు విసరవలెను. ఆగక తొందరపడినచో దారము చెర్నాకోలవలె చెళ్లుమనును. ఆ దెబ్బకు కొనయందలి ఈగ తెగిపోవుటయు కలదు. దారము పొడవైన కొలది ఆగవలసిన కాలమును పెరుగును.

మా మనుమడు 45 అడుగుల వరకు చక్కగా విసరెను. అటుపైన ఒక్క అడుగును పెరుగలేదు. ఎంత దారము వదలినను అది వానికి చేరువనే ఉండలుగా పడుచుండెను. వాడు మరింత బలము పెట్టెను. దారము మరింత దగ్గరగా పడెను. మూడవ శనివారమున బెత్తము గట్టుపై నుంచి, "తాతయ్యా, నాకు బలము చాలదు. పెద్దవాడనైన పిదప వత్తును" అనెను. ముప్పదియేండ్లకు పైగా తరగతి గదులలో ఆ కంఠస్వరమును వినియుంటిని. లెక్క రాదని చెప్పు బాలుడు లెక్కను గూర్చి చెప్పడు, తన్ను గూర్చి చెప్పును. వాడు నిజముగనే మానివేయునని నాకు భయము కలిగెను.

పెద్దాయన వచ్చి వాని చేతిని గూర్చి ఏమియు అడుగలేదు. "బాబూ, నీవు విసరినపుడు నీ వెనుక దారము ఏ ఆకారముగా నున్నది?" అని ప్రశ్నించెను.

"నేను చూడలేదు."

"చూడు."

వాడు చూడబోయెను. కుడి పాదము ముందునకును, ఎడమ పాదము వెనుకకును ఉండుటచే మెడ సగము వరకే తిరిగెను. దగ్గరి గురికి ఆ నిలుకడ మంచిదే. మేకు కొట్టువానివలె చేయి కంటి యెదుటనే కదలును, గురి తప్పదు. పెద్దాయన వంగి, వాని కుడి పాదమును వెనుకకు జరిపి, వ్రేళ్లను ప్రక్కకు త్రిప్పెను. ఎడమ పాదము గురివైపు నిలిచెను. ఇపుడు వాని రొమ్ము సగము ప్రక్కకు తిరిగినది. తల త్రిప్పగనే వెనుక ఆకాశమంతయు కనబడినది. దీనిని వారు ఓపెన్ స్టాన్స్ అందురు.

నాకు వెంటనే అమరకోశము స్ఫురించెను. తెలుగు పండితునికి ఇంకేమి స్ఫురించును! విలుకాడు కుడికాలు ముందుంచి, ఎడమకాలు వెనుకకు చాపి నిలుచుట ఆలీఢము. ఎడమకాలు ముందుంచి, కుడికాలు వెనుకకు చాపుట ప్రత్యాలీఢము. ఆ రెండు పదములును వల్లె వేసిన దినములలో నేను ఏనాడును ఆ కాళ్లతో నిలిచి చూడలేదు. మనుమనికి ఆ పేరు చెప్పితిని. వాడు రెండుమారులు తడబడి మూడవమారు సరిగా పలికెను.

పాదము వెనుకకు జరిపినంత మాత్రమున దూరమేల పెరుగవలెను? పొడవైన దారము బరువైనది. దానిని కదల్చుటకు బెత్తము అధికముగా వంగవలెను. వంగిన బెత్తపు కొన ఆద్యంతము సరళరేఖపై నడువవలెనన్న చేయి ఎక్కువ దూరము ప్రయాణింపవలెను. కుడి పాదము ముందున్నచో కుడి భుజము వెనుకకు పోజాలదు; చేయి కొంచెము పోయి ఆగిపోవును. అపుడు విసరువాడు ఆ కొరతను మణికట్టుతో తీర్చబోవును. మణికట్టు విరిగినచో బెత్తపు కొన ఇంద్రధనుస్సువలె వంపుగా తిరుగును. దారపు మడత పెద్ద వాకిలివలె తెరచుకొనును. గాలి దానిని అడ్డగించును. కుడి పాదము వెనుక నున్నచో శరీరభారము ఆ పాదముపైకి పోయి, మరల ముందుకు వచ్చును. నడుము తిరుగును, భుజము తిరుగును, చేయి మూరెడు దూరము అధికముగా వెనుకకు పోవును. మడత సన్నగా, బాణమువలె పోవును. దారము ఎప్పుడు విప్పుకొన్నదో కన్ను చూచుచుండును గనుక లెక్కపెట్టి ఆగవలసిన పనియు లేదు.

ఇందొక అపాయమును కలదు. నడుము తిరుగునపుడు చేయియు దానితోపాటు చుట్టు తిరుగుటకు చూచును. కొడవలితో గడ్డి కోసినట్లు బెత్తము ప్రక్కకు పోయిన, దారమును వంకరగా పోవును. దీనికి పెద్దాయన చూపిన ఉపాయము నాకు మిక్కిలి నచ్చినది. పచ్చికపై ఒక త్రాటిని సూటిగా పరచి, బెత్తమును నేలకు అడ్డముగా పట్టుకొని, దాని కొన త్రాటిని విడువకుండ ముందుకు వెనుకకు నడిపింపుమనెను. మా వాడు ఒక శనివారమంతయు నీటి దరికి పోక ఈ పనియే చేసెను. ఎడమ చేతితో దారమును లాగి వేగము పెంచు మరియొక ఉపాయము కలదు. 1930ల పోటీలలో మార్విన్ హెడ్జ్ అనునతడు దానిని ప్రసిద్ధికి తెచ్చెను. అది మరియొక ఏడాది చదువు.

బలము సంగతి చెప్పవలెను. 1926లో జన్మించిన జోన్ వుల్ఫ్ అను అమెరికా వనిత 1951లో దూరపు పోటీయందు పురుషులందరిని గెలిచెను. 1960లో ఆమె 161 అడుగులు, అనగా సుమారు 49 మీటర్లు విసరెను. ఆమె నృత్యము నేర్పిన ఉపాధ్యాయిని కూడ. ఈ కథ విని మా మనుమడు, "ఆమె ఎంత ఎత్తు?" అని మాత్రము అడిగెను.

ఏడవ శనివారమున పొగమంచు విడిన పిదప వాడు గట్టుపై నిలిచెను. పాదములు చూచుకొనెను. రెండుమారులు గాలిలో ముందుకు వెనుకకు ఆడించి, తల త్రిప్పి వెనుక మడత విప్పుకొనుట చూచి, విడిచెను. మిగిలిన దారము ఉంగరములగుండ గలగలమని పోయెను. నూలుకుచ్చు వలయమునకు రెండడుగుల ఇవతల పడినది. వాడు కేక వేయలేదు, నావైపు చూడలేదు. దారమును చుట్టుకొని మరల పాదములు సరిచేసికొనెను. ఆ మధ్యాహ్నము వలయమును మూడుమారులు తాకెను. ఇల్లు చేరువరకు కారులో ఒక్క మాటయు లేదు. గుమ్మము దాటగనే తల్లికి అంతయు చెప్పెను.

నా కుడి భుజము నల్లబల్లపై వ్రాసి వ్రాసి పట్టుకొనిపోయినది. నడుము పని చేయుట వలన దానికి శ్రమ తగ్గినది. నాకు 55 అడుగులు వచ్చినవి, అవి చాలినవి.

స్వదేశమునకు వచ్చిన పిదప మా ఊరి కాలువ గట్టుపై ఒక సాయంకాలము నూలుకుచ్చు కట్టుకొని విసరుచుంటిని. విసురు వల భుజమున వేసికొని పోవుచున్న ఒకడు ఆగి చాలసేపు చూచెను. "పంతులుగారూ, ఇందులో చేప పడునా?" అనెను. పడదంటిని. అతడు నా కాళ్లవైపు చూచి, "నిలుచుట బాగున్నది. వలయు నడుముతో విసరవలసినదే, చేతితో కాదు" అని, ఎడమ పాదము ముందునకు వేసి, నడుము త్రిప్పి, కాలువపై వలను గుండ్రముగా పరచెను.

ఆ రాత్రి మనుమనికి ఫోనులో ఈ సంగతి చెప్పితిని. వాడడిగినది ఒక్కటే: "తాతయ్యా, వల ఎన్ని అడుగులు పోయినది?"