టేపుతో మొదలయ్యే సవారీ

వికారాబాద్ దారిలో ఎర్రమట్టి గుట్టల నడుమ ఉన్న ఆ ఆఫ్‌రోడ్ ట్రాక్‌కు వెళ్లినప్పుడు, బండ్ల కన్నా ముందు గేర్ గది చూపించమన్నాను. రేకుల షెడ్డు. దండెం మీద జెర్సీలు, గోడవారన బురద ఎండిన బూట్లు. గది చూసుకునే ఆయన ఒకప్పుడు ర్యాలీలు తోలినవాడు. కుర్రాళ్లంతా 'అన్నా' అంటున్నారు.

ఆయన ముందుగా టేపు తీశాడు. కనుబొమల పైనుంచి వెనక తల ఎత్తు మీదుగా చుట్టి కొలిచి, ఆ సైజు హెల్మెట్ తొడిగి, పట్టీ బిగించి, గడ్డం దగ్గర పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. నా బుగ్గలు కూడా దానితోపాటు కదిలాయి. "బుగ్గలు కదలకుండా హెల్మెట్టొక్కటే తిరిగితే అది మీది కాదు సార్" అన్నాడు. తర్వాత వెనక అంచు పట్టి పైకి లాగాడు. ఊడి రాలేదు.

ఈ హెల్మెట్ ముందుకు పొడుచుకొచ్చిన గడ్డంతో, పైన టోపీ అంచులాంటి పీక్‌తో ఉంటుంది. ఆయాసపడే మనిషికి గాలి ఆడాలని ఆ ఏర్పాటు. అద్దం ఉండదు, గాగుల్స్ వేరే పెట్టుకోవాలి. ఇదే హెల్మెట్‌తో హైవే ఎక్కితే గాలి ఆ పీక్‌ను పట్టి మెడను వెనక్కి గుంజుతుంది. మన దేశంలో 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మకూడదు. అయినా రోడ్డు పక్కన దొరుకుతూనే ఉంటాయి. గదిలో ఓ మూల పైకి బాగానే కనిపిస్తున్న నాలుగైదు హెల్మెట్లు విడిగా ఉన్నాయి. గట్టి దెబ్బ తిన్నవట. లోపలి థర్మాకోల్ పొర నలిగి దెబ్బను మింగుతుంది. ఒకసారి నలిగాక మళ్లీ అంత మింగలేదు.

ఛాతీ కవచాల దగ్గర నాకు తెలియని తేడా ఒకటి బయటపడింది. వాటిలో కొన్ని ముందు బండి చక్రం ఎగజిమ్మే రాళ్లను ఆపడానికే. పడితే కాపాడేవి వేరు. లేబుల్ చూడాలి. మోకాలి, మోచేతి గార్డులకు ఈఎన్ 1621-1 అనే యూరప్ ప్రమాణం ఉంది. పరీక్షలో దెబ్బ వేసినప్పుడు లోపలికి చేరే బలం సగటున లెవెల్ 1లో 35 కిలోన్యూటన్లు, లెవెల్ 2లో 20 దాటకూడదు. అయితే ఎంత మంచి గార్డయినా మోకాలు మడిచినప్పుడు జారిపోతే దండగే. అందుకే ఆయన అందరినీ బండి మీద కూర్చోబెట్టి మరీ చూస్తున్నాడు.

నన్నడిగితే జనం బాగా చిన్నచూపు చూసేది బూట్లను. నాలుగు చక్రాల ఏటీవీ మీద కాలు ఫుట్‌రెస్ట్ నుంచి జారితే వెనక చక్రం కిందికి పోతుంది. స్పోర్ట్స్ షూ అక్కడేం చేస్తుంది? పిక్క దాకా వచ్చి, చీలమండ మెలిపడనివ్వని గట్టి బూటు కావాలి. నేను వేసుకుని నాలుగడుగులు వేసేసరికి కుర్రాళ్లు నవ్వారు. నడవడానికి పనికొచ్చే బూటు కాదది.

మే ఎండలో ఇవన్నీ వేసుకోవడం నరకమే, కాదనను. వలగుడ్డ జెర్సీ, తరచూ నీళ్లు, మధ్యాహ్నం విరామం తప్ప దారి లేదు. డబ్బు తక్కువైతే ముందు తల, తర్వాత పాదం, ఆపైన ఛాతీ, మోకాళ్లు. రంగుల జెర్సీ చివర. ఇది అన్న చెప్పిన వరస, నాకూ సబబనిపించింది.

సెలవులకు పిల్లలతో రిసార్టుకు వెళ్లి ఏటీవీ ఎక్కించబోయే వారు తాళం తీసుకునే ముందు గడ్డం దాకా కప్పే హెల్మెట్, పిల్లల తలకు సరిపడే సైజులో ఇమ్మని అడగండి. లేదంటే డబ్బు వెనక్కి తీసుకోండి.