సోమశిల దారిలో ఎదురుగాలి

ఈసారి సంక్రాంతికి నాతోపాటు నా సైకిల్ కూడా ఊరికొచ్చింది. ముందు చక్రం ఊడదీసి, పాత దుప్పటి చుట్టి బస్సు డిక్కీలో పెట్టిస్తుంటే కండక్టర్ లగేజీ టికెట్ కొట్టి, "ఇంత సన్న టైర్లతోని ఊర్ల రోడ్లు ఎట్ల తొక్కుతవ్ సారూ?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ లోపల అదే డౌట్.

మాది నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరు. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం పొద్దున ఓఆర్ఆర్ పక్కన సైకిల్ ట్రాక్ మీద తొక్కుతాను. 2023లో ఓపెన్ చేశారు, 23 కిలోమీటర్లు, పైన సోలార్ కప్పు. బాగుంటుంది. కాకపోతే అక్కడ ఎవరి చెవుల్లో వాళ్ల పాటలు, ఎవరి యాప్ వాళ్లది. పక్కనోడితో పనిలేదు. మిగతా రోజుల్లో రాత్రిళ్లు టూర్ డి ఫ్రాన్స్, జిరో డి ఇటాలియా రేసుల వీడియోలు చూస్తూ పడుకుంటాను. మా ఆవిడకి ఇదొక వింత: "అయిదు గంటలు సైకిళ్లు పోతుంటే చూడ్డానికి ఏముంటుంది?"

ఏముంటుందో నాకు సరిగ్గా అర్థమైంది మాత్రం కనుమ రోజు, కోడేరు నుంచి సోమశిల పోయే దారిలో.

తోడు వచ్చింది మా బావ. మేనమామ కొడుకు, నాకన్నా రెండేళ్లు పెద్ద. ఆయనది పాత హీరో సైకిల్, వెనకాల క్యారియర్‌కి పాల క్యాన్లు కట్టే కొక్కేలు ఇంకా ఉన్నాయి. నాది పద్దెనిమిది గేర్లు. "పోదాం పా, నీ బండి సంగతి చూద్దాం" అన్నాడు.

పొద్దున ఆరున్నరకి మంచు ఇంకా దిగుతోంది. రోడ్డుకి రెండువైపులా పల్లి చేన్లు, కొల్లాపూర్ దగ్గరపడే కొద్దీ పూత మీదున్న మామిడి తోటలు. చూడ్డానికి చల్లగా హాయిగా ఉంది. కానీ ఈశాన్యం నుంచి గాలి. మేం పోయేది ఆగ్నేయానికి. అంటే ఎడమ భుజం మీద కొట్టే గాలి. పది నిమిషాలకే నా స్పీడ్ పడిపోయింది.

ఇక్కడ కొంచెం ఫిజిక్స్. సైకిల్ మీద స్పీడ్ పెరిగే కొద్దీ మన శ్రమలో ఎక్కువ భాగం రోడ్డు మీద కాదు, గాలిని తోయడం మీద ఖర్చవుతుంది. స్పీడ్ రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లు. ముందు ఒకడు ఆ గాలిని చీలిస్తే వెనకున్నోడికి దాదాపు మూడో వంతు శక్తి మిగులుతుంది. ప్రొఫెషనల్ రేసంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది. టీమ్‌కి ఎనిమిది మంది. గెలవాల్సింది ఒక్కడు. మిగతా ఏడుగురు వంతులవారీగా గాలికి ఎదురు నిలబడతారు, నీళ్ల సీసాలు మోసుకొస్తారు, లీడర్ టైర్ పంక్చరైతే తమ చక్రం ఊడదీసి ఇచ్చేస్తారు. వీళ్లని ఫ్రెంచ్‌లో డొమెస్టిక్ అంటారు. పనివాడు అని అర్థం.

గాలి పక్కనుంచి కొడితే మాత్రం నేరుగా వెనకాల ఉంటే లాభం లేదు. ఎడమ గాలికి, ముందున్నోడికి కొంచెం కుడిగా జరగాలి. యూరప్ రోడ్ల మీద టీమ్‌లు ఇలా ఏటవాలుగా బారు తీరి, రోడ్డు అంచు దాకా నింపేసి, చోటు దొరకని ప్రత్యర్థుల్ని గాలికి వదిలేస్తాయి. నేను ఇదంతా వీడియోల్లో నేర్చుకున్నా. బావ ఏ వీడియో చూడలేదు. నా అవస్థ చూసి ముందుకొచ్చి, రోడ్డు ఎడమ అంచుకి పోయి, చెయ్యి వెనక్కి పెట్టి "ఈడికి రా" అని చూపించాడు, సరిగ్గా ఆ కుడివైపు జాగా. మేం స్కూలుకి పోయినప్పుడు కూడా ఇట్లనే తొక్కేవాళ్లమని అప్పుడు గుర్తొచ్చింది. కొల్లాపూర్ బస్సు హారన్ కొట్టుకుంటూ వస్తే మాత్రం మా వ్యూహం చెదిరిపోయేది.

సింగోటంలో జాతర. లక్ష్మీనరసింహస్వామి గుడి చుట్టూ జనం, బొమ్మల దుకాణాలు, చెరకు గడలు. సైకిళ్లు చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ దాటాం. కొల్లాపూర్‌లో చాయ్. సోమశిల చేరేసరికి ఎండెక్కింది. కృష్ణ అక్కడ శ్రీశైలం వెనక నీళ్లతో సముద్రంలా ఉంటుంది, అవతల నల్లమల గుట్టలు. ఒడ్డున వేయించిన చేపలు తింటూ బావకి నేను సైమన్ యేట్స్ కథ చెప్పాను.

2018 జిరోలో యేట్స్ పింక్ జెర్సీలో ఉన్నాడు, అంటే మొత్తం టైమ్‌లో అందరికన్నా ముందు. ఇంకో మూడు రోజుల్లో రేస్ అయిపోతుంది. కొల్లె దెల్లె ఫినెస్త్రె అనే కొండ, పైభాగమంతా కంకర రోడ్డు. అక్కడ యేట్స్ కాళ్లు ఆగిపోయాయి. ఫ్రూమ్ 80 కిలోమీటర్ల ముందే అటాక్ చేసి ఒంటరిగా వెళ్లిపోయాడు. యేట్స్ ఆ ఒక్కరోజే 38 నిమిషాలు పోగొట్టుకున్నాడు.

ఏడేళ్లకి, 2025 మే 31న, మళ్లీ అదే కొండ. ఈసారి యేట్స్ మూడో స్థానంలో, 1 నిమిషం 21 సెకన్లు వెనక. ముందు 21 ఏళ్ల మెక్సికో కుర్రాడు దెల్ తోరో, రెండోవాడు ఈక్వెడార్ కరపాజ్. కొండ మీద యేట్స్ వెళ్లిపోయాడు. వెనకున్న ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. 'నేను లాగితే నువ్వు నా వెనక దాక్కుని లాభపడతావు' అని ఇద్దరి లెక్క. అలా చూసుకుంటూనే జెర్సీ పోగొట్టుకున్నారు. అసలు మలుపు ఇంకా పైన. యేట్స్ టీమ్‌మేట్ వాన్ ఆర్ట్ పొద్దున్నే ముందు గుంపులో వెళ్లి, కొండ దాటాక ఆగినట్టే ఆగి ఎదురుచూశాడు. యేట్స్ రాగానే ముందు నిలబడి లోయంతా గాలి చీల్చుకుంటూ లాక్కెళ్లాడు. దెల్ తోరో కన్నా అయిదు నిమిషాలకి పైగా ముందొచ్చి, జిరో యేట్స్‌దే అయింది.

బావ చేప ముల్లు తీసి పక్కన పెట్టాడు. "గెలిచినోనికి పైసలొస్తయ్. మరి ముందల లాగినోనికి?"

"ప్రైజ్ మనీ టీమ్ అంతా పంచుకుంటారు బావా. అట్ల ఆనవాయితీ."

"అట్లయితే మంచిదే" అని చెయ్యి కడుక్కోవడానికి నదిలోకి దిగాడు.

నాకు ఇంజినీరింగ్ సీటొచ్చిన ఏడు బావ డిగ్రీ సెకండియర్. మా నాన్న లేడు, మేం మామ ఇంట్లోనే ఉండేవాళ్లం. ఆ ఏడు పల్లి పండలేదు. ఇంట్లో ఒక్కరి ఫీజుకే డబ్బులున్నాయి. "వాణ్ణి పంపు నాయినా, నేను చేను చూసుకుంట" అన్నది బావే. నేను అప్పుడు పక్క గదిలో ఉన్నా, విన్నా. ఇన్నేళ్లలో ఆ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. ఆయన తేలేదు, నేను తేలేదు. ఇప్పుడు ఆయన కొడుకు పదో తరగతి. పోయిన దసరాకి, వాణ్ణి ఇంటర్‌కి హైదరాబాద్ తీసుకెళ్తానని నేను అన్నాను. తర్వాత ఫోన్‌లో ఆ ఊసెత్తలేదు. ఈఎంఐలు, ఇల్లు చిన్నది, కారణాలకేం తక్కువ.

తిరుగు దారిలో నది నుంచి ఎక్కుడు. అలవాటు కొద్దీ గేరు మార్చి లేచి తొక్కాను, అటాక్ చేసినట్టు. పైకొచ్చి వెనక్కి చూస్తే బావ సైకిల్ దిగి నడిపించుకుంటూ వస్తున్నాడు, చాలా కింద. చెట్టు కింద ఆగాను. ఆయన వచ్చి ఊపిరి పీల్చుకునేదాకా మాట్లాడలేదు.

"బావా, జూన్‌లో పిలగాన్ని నా దగ్గరికి తోలు. పరీక్షలైనంక కాలేజీలు చూస్త" అన్నాను.

"మీ ఆవిడని అడిగినవా?"

"అడుగుతా."

"ముందుగాల అడుగు" అని సైకిలెక్కాడు.

గాలి ఇప్పుడు కుడి నుంచి. కొల్లాపూర్ దాటాక నేను ముందుకెళ్లాను. రెండు కిలోమీటర్లకే తొడలు మండాయి. వెనక నుంచి పాత హీరో చైన్ చప్పుడు దగ్గరగా వినిపిస్తూనే ఉంది.

"ఇంకొంచెం కుడికి జరుగురా" అన్నాడు బావ. "నాకు గాలి తగుల్తుంది."