దక్షిణం వైపు మామిడి

"మాస్టారూ, ముందు ఆ మామిడిచెట్టు కొట్టించెయ్యండి. ప్యానెళ్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు మా డాబా చూడటానికి వచ్చిన సోలార్ కుర్రాడు. మెట్లెక్కి పైకొచ్చి ఎంతోసేపు కాలేదు. సెల్లుతో నాలుగు ఫొటోలు తీశాడు, చెట్టు వైపు చెయ్యి చూపించాడు, తీర్పు చెప్పేశాడు. చెట్టు ఇంటికి ఏ దిక్కున ఉంది, నీడ ఏ నెలలో ఎంతదాకా వస్తుంది, ఏ వేళకి తొలగిపోతుంది, ఇవేవీ అతనికి పట్టలేదు. అన్నది ఎక్కడో కాదు, విస్సన్నపేటలో! నూజివీడు నుంచి తిరువూరు దాకా మామిడి తోటల మీదే ఇన్ని కుటుంబాలు బతుకుతున్న చోట ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చింది? ఆ రోజు నుంచి నా మనసు కుదురుగా లేదు.

సోలార్ అంటే నాకు ఇష్టమే. ఇష్టం కాబట్టే అతన్ని పిలిపించాను. మా ఎన్టీఆర్ జిల్లాలోనే, ఇబ్రహీంపట్నంలో, నార్ల తాతారావు థర్మల్ కేంద్రం 1979 నుంచీ బొగ్గు మండిస్తోంది. ఆ బూడిద సంగతి చుట్టుపక్కల ఊళ్లవాళ్లనడిగితే చెబుతారు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. కోటి ఇళ్ల మీద ప్యానెళ్లు ఎక్కించాలన్నది లక్ష్యం. ఒక కిలోవాటుకి 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడూ ఆపైనా అయితే 78 వేలు సబ్సిడీ. మూడు కిలోవాట్లకి నీడపడని జాగా 300 చదరపు అడుగులు కావాలి. మన ఎండకి రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి. ఒక మామూలు కుటుంబానికి ఫ్యాన్లు, ఫ్రిజ్, వేసవిలో కాసేపు ఏసీ, అన్నీ అందులో గడిచిపోతాయి. మంచి పథకం. ఊరూరా రావాల్సిందే.

నీడ ప్యానెల్‌కి పడదన్న మాటా నిజమే. ప్యానెల్లో గాజు కింద ఉండే గళ్లన్నీ ఒకదానికొకటి వరసగా కలిపి ఉంటాయి. పొలం గట్టు మీద ఎడ్లబండ్లు వరసగా పోతుంటే ముందు బండి ఆగితే వెనకవన్నీ ఆగినట్టే, ఒక్క గడి మీద నీడ పడితే ఆ వరస మొత్తంలో కరెంటు తగ్గిపోతుంది. ఆ నష్టం మిగతా గళ్లకి పాకకుండా బైపాస్ డయోడ్లు పెడతారు. పెద్ద ఇన్వర్టర్ ఒక్కటే పెట్టకుండా ప్రతి ప్యానెల్‌కీ విడిగా చిన్న ఇన్వర్టర్ పెట్టే పద్ధతి ఉంది. దానికి ఖర్చు ఎక్కువ. కాబట్టి నీడ తప్పించుకోవాలనుకోవడంలో తప్పులేదు. ఏ నీడ, ఎప్పటి నీడ అని అడగకపోవడమే తప్పు.

ఇది నేను కాగితం మీద లెక్క కట్టి చూసుకున్నాను. విస్సన్నపేట దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఇంటికి దక్షిణాన ఉన్న మా చెట్టు 30 అడుగులు, డాబా 12 అడుగులు అనుకోండి. డాబా కన్నా చెట్టు 18 అడుగులు ఎత్తు. అప్పటి నీడ చెట్టు మొదలు నుంచి ఉత్తరానికి 15 అడుగులు డాబా మట్టాన పాకుతుంది. అదే మార్చి 20 నాటికి ఆరడుగుల్లోపు ముడుచుకుంటుంది. మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదలుదాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి పోతాడు. ఆ రోజుల్లో దక్షిణం వైపు చెట్టు నీడ మధ్యాహ్నం పూట డాబా వైపు రానే రాదు. అంటే ఎండలు మండి, కరెంటు ఎక్కువ కాలే నెలల్లో ఆ మామిడి ప్యానెల్‌కి అడ్డమే కాదు. అడ్డం వచ్చేది ధనుర్మాసంలో. అప్పుడు ఇంట్లో ఫ్యానే వెయ్యం. ఏడాది మొత్తం మీద పోయేది ఏ పాటిది? దీనికోసం పెద్ద కాపు చెట్టుని కూల్చాలా?

మన పెద్దలు ఇంటికి దక్షిణం, పడమర దిక్కుల్లో పెద్ద చెట్లు పెట్టుకోమన్నారు. తూర్పు, ఉత్తరం ఖాళీగా ఉంచమన్నారు. వాస్తు మీద ఎవరి నమ్మకం వాళ్లది. ఈ ఒక్క విషయంలో మాత్రం మన ఎండల్ని చూసి చెప్పిన మాటే అది అని నాకు గట్టి నమ్మకం. పొద్దుటి ఎండ రానిచ్చి, సాయంత్రపు ఎండని గోడకి తగలకుండా ఆపారు. ఇప్పుడు ప్యానెళ్లూ దక్షిణం వైపే వాలి ఉండాలి. పాత చెట్టుకీ కొత్త ప్యానెల్‌కీ ఒకే దిక్కు కావలసి వచ్చింది. చిక్కంతా అక్కడే.

పడమటి వైపు చెట్టు విషయంలో నేను అస్సలు తగ్గను. మూడు దాటాక దాని నీడ ప్యానెళ్ల మీద పడుతుంది, నిజమే. కానీ ఆ రోజుకి రావలసిన కరెంటులో ఎక్కువ భాగం అప్పటికే వచ్చేసి ఉంటుంది. ఆ నీడ లేకపోతే పడమటి గోడ సాయంత్రం దాకా కాలి, రాత్రి పదిగంటలదాకా గదిలోకి సెగ వదులుతూనే ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. చెట్టు కొట్టి ప్యానెల్ పెట్టి, ప్యానెల్ కరెంటుతో ఏసీ వేసుకుని, చెట్టు ఇచ్చే చల్లదనాన్ని కొనుక్కోవడం ఏం లెక్క? పైగా ప్యానెల్‌కి కావలసింది వెలుతురు, వేడి కాదు. దాని శక్తిని 25 డిగ్రీల దగ్గర కొలిచి చీటీ అంటిస్తారు. ఆపైన ఒక్కో డిగ్రీకి దాదాపు మూడో వంతు శాతం పడిపోతుంది. మే నెలలో మన డాబాల మీద ప్యానెల్ 60 డిగ్రీలు దాటి కాలుతుంది. ఎనిమిదో వంతు అక్కడే ఆవిరి. చుట్టూ పచ్చగా ఉన్న ఇంటికి, చుట్టూ సిమెంటే ఉన్న ఇంటికి గాలిలో తేడా ఎంతుంటుందో చెయ్యి చాస్తే తెలుస్తుంది.

ఈ తగాదా మనకన్నా ముందు కాలిఫోర్నియా వాళ్లు పడ్డారు. అక్కడ 1978లోనే ఒక చట్టం తెచ్చారు. పక్కింటి చెట్టు పొద్దున్న పది నుంచి మధ్యాహ్నం రెండు మధ్య ప్యానెళ్లలో పదోవంతుకి మించి నీడ కమ్మితే నేరమన్నారు. సన్నీవేల్‌లో, మన తెలుగు పిల్లలు ఎంతోమంది ఉద్యోగాలు చేసే ఊళ్లోనే, ఒకరి పెరట్లో రెడ్‌వుడ్ చెట్లు, పక్కవాళ్ల ఇంటి మీద ప్యానెళ్లు. చెట్లు ముందు నాటినవి. ప్యానెళ్లు 2001లో వచ్చాయి. 2007 చివర కోర్టు చెట్లవాళ్లదే తప్పంది. ఇద్దరూ పర్యావరణం మీద ప్రేమ ఉన్నవాళ్లే పాపం. మరుసటి ఏడాదే శాసనసభ చట్టాన్ని మార్చింది. ప్యానెళ్ల కన్నా ముందు నాటిన చెట్టుకి ఆ చట్టం వర్తించదని రాసింది. ఆ మార్పు నాకెంతో నచ్చింది. ముందొచ్చిన చెట్టుది ముందు హక్కు. మనకీ 2002 నాటి వాల్టా చట్టం ఉంది. నీరు, భూమి, చెట్టు మూడూ దాని పేరులోనే ఉన్నాయి. కొట్టిన చెట్టుకి బదులు మొక్కలు నాటాలని అందులో ఉంది. ప్యానెళ్లకి చెట్టు అడ్డమని చెప్పే మనిషి ఆ మాట కూడా ఇంటివాళ్లకి చెప్పాలి కదా.

మామిడికి కోత అయిపోయాక, జూన్, జూలైల్లో కొమ్మలు కత్తిరిస్తే చెట్టుకే మంచిది. నడిమి కొమ్మ ఒకటో రెండో తీసేస్తే లోపలికి వెలుతురు పోతుంది, గాలి ఆడుతుంది, కాపు బాగుంటుంది. ఎత్తు తగ్గితే ధనుర్మాసపు నీడా తగ్గుతుంది. తోటల్లో కత్తిరింపు తెలిసిన మనుషులు ఇక్కడ ఎంతమంది కావాలంటే అంతమంది. ఇంకో చిక్కు చెబుతాను. పూత మీద తేనెమంచు పురుగు చేరితే తేనెలాంటి జిగురు కారుస్తుంది. అది ప్యానెళ్ల మీద పడి, దానికి దుమ్ము అంటుకుని, నల్లటి మసి పట్టేస్తుంది. పూత కాలంలో పొద్దున్నే, గాజు కాలకముందే, నీళ్లు పోసి మెత్తటి గుడ్డతో తుడవాలి. ఎండ ముదిరాక చన్నీళ్లు పోస్తే గాజు పగిలే ప్రమాదముంది. ఈ పాటి పని చేసుకుంటే చెట్టూ, ప్యానెళ్లూ ఒకే ఇంట్లో ఉంటాయి.

అసలు ముందు నిండాల్సిన కప్పులు వేరే ఉన్నాయి. గోదాములు, రైసు మిల్లులు, కల్యాణ మండపాలు, బస్టాండ్లు, కోల్డు స్టోరేజీలు. ఒక్క చెట్టు నీడ కూడా పడని రేకులు ఎకరాలకి ఎకరాలు ఎండుతున్నాయి. వాటినన్నిటినీ వదిలేసి పెరటి చెట్టు మీద పడతారేం?

మా పెరటి చెట్టు మా నాన్న నూజివీడు నుంచి అంటు తెచ్చి నాటిన చిన్న రసం. బంగినపల్లి వేసుకోరాదా, అమ్ముకుంటే డబ్బులొస్తాయి కదా అని అందరూ అన్నారట. తోటలో అమ్మడానికి బంగినపల్లి, ఇంట్లో తినడానికి రసం అన్నారాయన. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. లారీ ఎక్కి నున్న మార్కెట్టు మీదుగా ఎంత దూరమైనా పోతుంది. చిన్న రసం అంత ప్రయాణం తట్టుకోదు. అందుకే తోటల్లో తగ్గిపోయింది, పెరళ్లలో మిగిలింది. పెరట్లోనూ కొట్టేస్తే ఇక మిగిలేదెక్కడ?

కాయ పక్వానికొచ్చిందీ లేనిదీ నాన్న భుజాలు చూసి చెప్పేవారు. తొడిమ పక్కన భుజాలు ఎత్తుగా లేస్తే తయారైనట్టు. చిక్కంతో ఒక్కొక్కటే దింపి, సొన కారిపోయేలా బోర్లించి, పడమటింట్లో ఎండుగడ్డి పరిచి వరసగా పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పేవారు. నాలుగో రోజుకి ఇల్లంతా వాసన. పిల్లలం గడ్డిలో చెయ్యి దూర్చి మెత్తబడినవి తడుముతుంటే అమ్మ గుమ్మంలోంచి కేకలేసేది. ఇప్పుడు విజయవాడలో కొన్న పండు పైకి పచ్చగా నిగనిగలాడుతుంది, లోపల టెంక దగ్గర పులుపు. కార్బైడ్‌తో పండించకూడదని నిషేధం ఉన్నా ఆ పని ఆగలేదు. గడ్డిలో మగ్గిన పండు తిన్నవాడు దాన్ని నోట పెట్టుకోలేడు.

ఇంకో మాట. చిన్న రసాన్ని కత్తితో కోసి, పళ్లెంలో ముక్కలు పేర్చి అతిథులకిచ్చే అలవాటు ఈ మధ్య మా బంధువుల ఇళ్లలో చూస్తున్నాను. అలా చెయ్యకండి. రెండు అరచేతుల మధ్య పెట్టి, తొక్క చిట్లకుండా మెల్లగా అన్నివైపులా పిసకాలి. తొడిమ ఊడదీసి మొదటి రెండు చుక్కలు పిండి పారెయ్యాలి, అందులో సొన ఉంటుంది. ఆ తర్వాత జుర్రుకోవాలి. టెంక చివర్న వస్తుంది, దాని పీచు కూడా వదలకూడదు. పెద్ద రసానికైనా పద్ధతి ఇదే.