చుట్టుటయు, విప్పుటయు

నైజాము కాలమున మా కోరుట్లలో చేతికాగితము తయారగుచుండెడిది. పట్వారీలు తమ లెక్కల పుస్తకములకు ఆ ముతకకాగితమునే విరివిగా వాడెడివారు. చెదలు, వాన, ఎలుక, నిప్పు అను నలుగురు శత్రువులనుండి దానిని కాపాడుకొన్నచో పట్వారీకి వేరు చింత లేదు. ఆ పొరుగుననే జగిత్యాలలో, ఒకానొక కార్యాలయమున లెక్కల కంప్యూటరుకు కావలివాడనైన నాకు మాత్రము ఐదవ శత్రువు దాపురించెను. దాని పేరు టేపు డ్రైవు.

అగ్గిపెట్టెకంటె కొంచెము పెద్దదైన క్యాసెట్టు. లోపల నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, 150 మీటర్ల పొడవు గల టేపు. పైన 40 గిగాబైట్లని ముద్ర. అందు 20 మాత్రమే నిజము. తక్కినది, సమాచారము సగమునకు కుదించుకొనిపోవునను ఆశపై వేసిన లెక్క. డ్రైవు ముందరి పసుపు దీపము మినుకుమన్నప్పుడెల్ల నేను మొదట శుభ్రపరచు క్యాసెట్టు పెట్టుదును. దీపము శాంతింపకున్నచో కేబులు కొసనుండు టెర్మినేటరు వదులైనదేమోయని తడవుదును. అప్పటికిని కాకున్న, ఒకే నంబరుతో రెండు పరికరములు పోట్లాడుచున్నవేమోయని వెదకుదును. ఇన్ని ఉపచారములు చేసిన పిదప తెరపై 'బ్యాకప్ పూర్తయినది' అను పంక్తి కనబడగానే, గుడి తలుపు మూసిన పూజారివలె నిశ్చింతగా ఇంటికేగుదును.

ఒకనాటి యుదయమున డిస్కు మౌనవ్రతము పట్టెను. టేపు పెట్టి విప్పగా ఉత్తరములు వచ్చెను, సెలవుచీటీలు వచ్చెను, ఎవరో దాచుకొన్న పెండ్లిపత్రికయు వచ్చెను. లెక్కల ఫైలు మాత్రము రాలేదు. రాత్రులందును అది తెరచియే యుండుటచే సాఫ్ట్‌వేరు దానిని దాటిపోవుచు, ఆ మాటను చిట్టా నడుమ ఒక్క పంక్తిలో ప్రతిదినము వ్రాయుచునే యుండెను. నేను కడపటి పంక్తి తప్ప చదివిన పాపమున పోలేదు. మూడు వారములు అచ్చుకాగితములు ముందు పెట్టుకొని అంకెలన్నియు మరల ఎక్కించితిమి. కాగితమే గెలిచెను.

ఆ దిగులుతో సిరిసిల్లకేగి, నా బావమరిది సాంచాల (మరమగ్గముల) చెంత కూర్చుండి కథయెల్ల చెప్పితిని. 1804లో జక్వార్డు మగ్గమున అమరిన చిల్లుల అట్టలే 1890 నాటి అమెరికా జనాభా లెక్కల యంత్రములందును, తరువాత కంప్యూటర్లయందును కానవచ్చినవి గనుక, వృత్తిరీత్యా కూడ అతడు నాకు చుట్టమే. ఇంతలో నాడెలోని పేక పోగు పుటుక్కున తెగగా సాంచె తనంత తానే నిలిచెను. అతడు కండె మార్చి, బట్టను వ్రేలితో తడవి, నావంక చూచి నవ్వెను.

“గీ సాంచె నయం బావా, పోగు తెగితె ఆగుతది. నీ మిషిను తెగినా నడుస్తనే ఉన్నది. సుట్టుడు పెద్ద ముచ్చటనా? ఇప్పి సూడాలె.”

నాటినుండి ప్రతి నెల మొదటి సోమవారమున ఒక టేపును వేరొక కంప్యూటరులో విప్పి, లెక్కల ఫైలు తెరచి, ఒక పుటను అచ్చుకాగితముతో సరిచూచుచున్నాను. గత నెలలో రెండు రూపాయల తేడా వచ్చినది. విచారింపగా టేపు సరియైనదే; తప్పు నా కూడికది.