పినాకిని లోయలో ఒక దినము

పినాకినులు రెండు. రెండును నందికొండల వైపు పుట్టినవే. దక్షిణ పినాకిని మన వైపు దిగి, హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయమును, ఆ తరువాత కృష్ణగిరి ఆనకట్టను నింపి, కడలూరు దగ్గర సముద్రములో కలుస్తున్నది. ఉత్తర పినాకిని, అనగా పెన్న, హిందూపురం మీదుగా అనంతపురం, కడప సీమలలో తిరిగి, నెల్లూరు దాటి సముద్రము చేరుతున్నది. మన ఊళ్ళవారు చెల్లెలిని దినమూ చూస్తారు గాని, అక్కను చూచినవారు తక్కువ. ఆ అక్కగారి ఇల్లు చూచి రావలెనని గురుబరపల్లి నుంచి మేము మూడు కుటుంబాలవారము ఒక శుక్రవారము రాత్రి వ్యాను మాట్లాడుకొని బయలుదేరినాము. పిల్లా పెద్దా కలిసి పదకొండుగురము. మూటలో పులిహోర, చింతచిగురు పొడి, మూడు బిందెల నీళ్ళు.

బెంగుళూరు, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, కదిరి, పులివెందుల, ముద్దనూరు మీదుగా తెల్లవారేసరికి జమ్మలమడుగు చేరినాము. అక్కడ నుంచి గండికోట సుమారు 15 కిలోమీటర్లు. కోట వాకిలి దాటగానే లోపల ఇప్పటికీ ఒక ఊరున్నది. గడపలకు పసుపు, వాకిట ముగ్గు, అరుగు మీద ముసలివారు. మన ఊరి వీధిలోనే నడచినట్లున్నది.

జుమ్మా మసీదు, ధాన్యాగారము, మాధవరాయస్వామి గుడి చూచి, రాళ్ళ మీద నడచి లోయ అంచుకు పోయినాము. అంతవరకు గలగల మాట్లాడిన పిల్లలు అక్కడ నోరు మెదపలేదు. ఎర్రమల కొండలను నిలువునా కోసుకొని, సుమారు 300 అడుగుల లోతున పెన్న పచ్చగా పారుతున్నది. రెండు వైపులా ఎర్రని బండలు, ఎవరో చతురముగా చెక్కి ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్నవి. ఇవి నూరు కోట్ల ఏండ్లకు మునుపు నీటి అడుగున పేరుకొన్న ఇసుక గట్టిపడి అయిన రాళ్ళు. నీరు పేర్చినదానిని నీరే మరల కోసినది. కొండల నడుమ ఏరు చేసిన ఈ సందునే గండి అంటారు. కోటకు పేరు దాని వలననే వచ్చినది.

అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ పొడవు 277 మైళ్ళు, లోతు మైలుకు పైమాట. 1919లో దానిని జాతీయ ఉద్యానవనము చేసినారు. గండికోటను దానితో పోల్చడము నేడు వాడుక అయినది. కొలతలలో పోలిక లేదు. అయినను గ్రాండ్ కాన్యన్ అంచున నిలిచి తెలుగులో పలకరించే మనిషి కోసము వెదకవలెను. ఇక్కడ ఆ వెదుకులాట లేదు.

ఈ కోటను పెమ్మసాని నాయకులు తరతరాలు ఏలినారు. 17వ శతాబ్దము నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీనిని పట్టుకొన్నాడు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఆయనను ఇక్కడనే కలిసికొన్నాడు.

మధ్యాహ్నము రంగనాథస్వామి గుడి నీడలో మూట విప్పినాము. మేకలు తోలుకొని వచ్చిన ఒక పెద్దాయన, "యా వూరప్పా మీది?" అని అడిగినాడు. కృష్ణగిరి పక్క అని చెప్పినాము. "అరవదేశమా! తెలుగు బాగా మాట్లాడతాండారే!" అని ఆశ్చర్యపోయినాడు. మాలో పెద్దవారయిన మామగారు నవ్వి, "మాట్లాడేదేమి తాతా, మా ఇండ్లలో పుట్టిన మాటే ఇది. ఏరు మాత్రము మాది వేరే దిక్కుకు పోయినది" అన్నారు. తాత పులిహోర తిని, "మన చేతివంటే" అని లేచి పోయినాడు.

ఆ మాట మాకు సంతోషమే. ఆ తరువాత జరిగినది మాత్రము ఆలోచనలో పడవేసినది. ఒక గోడ దగ్గర తెలుగు బోర్డు ఉన్నది. మా పిల్లలలో ఏడవ తరగతి చదివే అమ్మాయి ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కొని రెండు పంక్తులు చదివినది. మిగిలిన నలుగురు అదీ చదవలేక, కింద ఇంగ్లీషు ఉన్నదా అని వెదకినారు. ఇంట్లో గడగడ తెలుగు మాట్లాడే పిల్లలే వీరందరూ! 2006 నాటి చట్టము వలన మన బడులలో తమిళము తప్పనిసరి. ఉన్న ఊరి భాష నేర్వవలసినదే. దానితో మనకు వైరము లేదు. కాని తాత ఆశ్చర్యపడిన ఈ మాట, వ్రాత లేకుండా ఎన్ని తరాలు నిలుచును? బడి నేర్పని అక్షరములను ఇల్లే నేర్పవలెను. రోజుకు అరగంట చాలును.

పోదలచినవారికి రెండు మాటలు. వాన వెనుకపట్టిన తరువాత, కార్తీకము నుంచి మాఘము వరకు మంచి కాలము. లోయ అంచున చాలచోట్ల కటకటాలు లేవు. పిల్లల చెయ్యి వదలరాదు. ఎండ పొద్దున తొమ్మిదికే చురుక్కుమంటుంది. నీళ్ళు, తలగుడ్డ, గట్టి చెప్పులు ఉండవలెను. పోయే ముందు నెల దినాలు పిల్లలకు గుణింతము దిద్దించి తీసికొని పొండి. అక్కడి బోర్డులు వారే చదివి మీకు వినిపించవలెను.