ఖారీ బావలీలో ఇంగువ పరిమళం

ఢిల్లీకి పనిమీద వచ్చే మన సహోద్యోగులు సాధారణంగా ఎర్రకోటను చూసి మరలిపోతుంటారు. చాందనీ చౌక్ పడమటి కొసన, 1650లో నిర్మించిన ఫతేపురీ మసీదు ప్రక్కనున్న ఖారీ బావలీని కూడా దర్శింపవలసినదిగా మా మనవి. ఆ పేరుకు ఉప్పునీటి దిగుడుబావి అని అర్థం. బావి నేడు లేదు. సుగంధ ద్రవ్యాల టోకు బజారు నిలిచింది.

మిరప ఘాటుకు తుమ్ముతూనే మేము అంగళ్లన్నీ తిరిగాము. అంజూరం, ఎండుద్రాక్ష, ఇంగువ ఆఫ్ఘనిస్తాన్ నుండి వచ్చే సరుకులు. అక్కడి కొండలలో ఒక మొక్క వేరు నుండి కారే పాలు గట్టిపడితే ఇంగువ. దానికి ఇక్కడ పిండి, తుమ్మజిగురు కలిపి డబ్బాలకెత్తుతారు.

చిక్కంతా దారిలోనే ఉంది. ఆఫ్ఘన్ సరుకును పాకిస్తాన్ మీదుగా వాఘా-అట్టారీ వరకు రానిచ్చేవారు. మన సరుకును మామూలుగా అటు పోనిచ్చేవారు కాదు. ఒకే దిక్కున తెరుచుకొనే కవాటమన్నమాట! అందువల్లనే 2017 జూన్‌లో కాబూల్-ఢిల్లీ విమాన మార్గం ఏర్పడింది. కాబూల్ నుండి తొలి విమానం తెచ్చిన 60 టన్నులలో అధికభాగం ఇంగువే. తేలికైన, ఖరీదైన సరుకు విమాన కిరాయిని భరించగలదు; తక్కినవాటికి రోడ్డే శరణ్యం. 2025 ఏప్రిల్‌లో అట్టారీ మూతపడగా, మే నెలలో కొన్ని ఆఫ్ఘన్ లారీలను ప్రత్యేకంగా అనుమతించారు.

మన పులిహోరలోని చిటికెడు ఇంగువ ఎన్ని ద్వారాలు దాటి వస్తున్నదో ఈ బజారులో నిలబడినప్పుడు బోధపడుతుంది.