బుట్టపిడి కత్తుల ఊరు

స్కాట్లండు నడిబొడ్డున, ఫోర్త్ నది మెలికలు తిరిగే మైదానంలో నిటారుగా లేచిన రాతిగుట్టపై స్టిర్లింగ్ కోట నిలిచి ఉంది. గుట్ట వాలున పాత పట్టణం. రాజుల కథలు వినవచ్చిన యాత్రికులు ఈ వాలువీధులను త్వరగానే దాటిపోతారు. కమ్మరుల సంగతి అడిగేదెవరు? కాని పద్దెనిమిదవ శతాబ్ది ప్రథమార్ధంలో ఈ ఊరి పేరు యోధుల మొలలో వేలాడేది. ఆ కీర్తి జాన్ అలన్, వాల్టర్ అలన్ వంటి పిడిపనివారిది.

పిడిపనివారనడంలోనే అసలు విశేషం ఉంది. స్కాటిష్ ఖడ్గంగా లోకం గుర్తించే ఆయుధంలో అలుగు చాలావరకు స్కాట్లండుది కాదు. జర్మనీలోని సోలింగెన్ నుంచి వచ్చేది. ఎన్నో అలుగులపై ‘ఆండ్రియా ఫెరారా’ అనే పేరు కనిపిస్తుంది. అతడు పదహారవ శతాబ్దపు ఇటలీ కమ్మరి. అతడు గతించిన ఎంతో కాలానికి కూడా జర్మన్ కమ్మరులు ఆ పేరు చెక్కుతూనే వచ్చారు, అదీ ఒక్కొక్కసారి ఒక్కొక్క వర్ణక్రమంతో! గిరాకీ అటువంటిది. మన దక్కనులోనూ ఐరోపా అలుగుకు దేశీయమైన పిడి తొడిగి, ఆ కత్తిని ‘ఫిరంగి’ అని పిలిచేవారు.

స్టిర్లింగ్ పనితనం చూడాలంటే ఇక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, ఈ విద్యకు మరో ముఖ్యకేంద్రమైన గ్లాస్గోకు వెళ్ళాలి. అక్కడి కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం ఇటువంటి కత్తులకు పేరుపొందింది. కొలిమిలో సాగగొట్టిన ఇనుప పట్టీలను వంచి, అతికి, పిడికిలి చుట్టూ బుట్టలా అల్లుతారు. పట్టీల నడుమ డాలు ఆకారపు రేకులు. వాటిలో హృదయాలు, వలయాలు తొలిచి, అంచులను ఆకురాయితో తీర్చిదిద్దుతారు. కర్రపిడికి చేపతోలు చుట్టి, పైన తీగ బిగిస్తారు. లోపల తోలు, ఎర్రబట్ట మెత్తగా పరుస్తారు. చివరకు అలుగు తోకను పిడిగుండా పోనిచ్చి, కొసనున్న ఇనుపగుండుపై సుత్తితో నొక్కివేస్తారు. వాల్టర్ అలన్ అంతటితో ఆగలేదు. ఇనుములో ఇత్తడి గీతలు పొదిగాడు. యుద్ధంలో విరిగిపోయే వస్తువుకు ఇంత సింగారమా అనిపిస్తుంది. అయితే ఇది ఒక్క యుద్ధానికి చేసినది కాదు. ఇటువంటి కత్తి తండ్రి నుంచి కొడుక్కు దక్కేది.

ఆ పరంపర 1746 ఏప్రిల్ 16న కలోడెన్ బీడులో దెబ్బతిన్నది. గంటలోపే ముగిసిన పోరులో హైలాండ్ సేన చెదిరిపోయింది. విజేతలు రణభూమిలో పోగుచేసిన ఆయుధాల లెక్కలో తుపాకులు 2,320, కత్తులు 190 మాత్రమే. ఆ ఏడే వచ్చిన చట్టం హైలాండులో ఆయుధధారణను మరింత కఠినంగా నిషేధించింది. బ్రిటిష్ సైన్యంలోని హైలాండ్ దళాలకు మాత్రం బుట్టపిడి కత్తులు అవసరమయ్యాయి. అవి లండన్, బర్మింగ్‌హామ్ గుత్తేదారుల వద్ద తయారయ్యాయి: పలుచని రేకు, ఒకే అచ్చు.

వాల్టర్ అలన్ తన పిడులపై డబ్ల్యు.ఏ. అనే పొడి అక్షరాలతోపాటు ఊరి పేరుకు గుర్తుగా ‘ఎస్’ కూడా చెక్కేవాడు.